తెలుగు మేష్టారి లెక్కలు

మొన్న సోమవారం మా మనవరాలి బడి నుంచి ఫోనుకి ఒక జాబితా వచ్చింది. ఈ మూడు నెలల్లో ఆరో తరగతి పిల్లలు ఏ సబ్జెక్టులో ఏమేం నేర్చుకుంటారో గళ్ళు గీసి మరీ పంపించారు. లెక్కల్లో పూర్ణసంఖ్యలు, సైన్సులో మొక్కలు, సోషల్లో గ్లోబు, తెలుగులో రెండు పద్యపాఠాలు, ఒక ఉత్తరం రాయడం. మా కోడలు ఒక్క చూపు చూసి ఫోను పక్కన పెట్టేసింది గానీ, నేను కళ్ళజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివాను. ఇంతకీ నేను ఆరో తరగతిలో మొదటి మూడు నెలలూ ఏం నేర్చుకున్నానా అని ఆలోచనలో పడ్డాను. ఎంత తడుముకున్నా గళ్ళలో ఇమిడేది ఒక్కటీ తగల్లేదు. గుర్తొచ్చిందల్లా పెద్ద గందరగోళం. దాని నడుమ పంచె కట్టుకుని, చేతిలో సుద్దముక్కతో, మాకంటే ఎక్కువ తికమకపడుతూ నిలబడ్డ మా తెలుగు మేష్టారు.

మాది ఐనవిల్లి దాటాక గోదావరి ఏటిగట్టు కింద ఊరు. అవి డెబ్భైల నడిమి రోజులు. మా బడి ఏడో తరగతి వరకే. అయిదు దాకా చిన్నబడి, ఆరూ ఏడూ పెద్దబడి అనేవాళ్ళం. రెండూ ఉన్నది ఒకే పెంకుటింట్లో. అయిదు పాసై ఆరులోకి వెళ్ళడమంటే వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి మారడమే. ఆ పది గజాల దూరంలో లోకం అంత మారిపోతుందని నాకెవరూ చెప్పలేదు. అయిదో తరగతి దాకా అన్నీ ఒకే మేష్టారు, ఒకే గొంతుతో చెప్పేవారు. ఆరులో కాలు పెట్టగానే గంట గంటకీ మనిషి మారిపోయేవారు, మనిషితోపాటు నిజం కూడా మారిపోయేది.

హిందీ అప్పుడే మొదలు. వారానికి మూడు రోజులు పక్కూరి నుంచి హిందీ పండితులుగారు సైకిలు మీద వచ్చేవారు. ఆయన లెక్క ప్రకారం పుస్తకం ఆడది, కాగితం మగవాడు. మగవాళ్ళందరినీ కలిపి కుడితే ఆడది ఎలా అవుతుందో నాకు అంతుపట్టలేదు. అడిగితే, "అది అంతేనమ్మా" అన్నారు. కుర్చీ కూడా ఆడదేనని ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను. మా నాన్నగారి తల్లి ఆవిడ. కాసేపు ఆలోచించి, అయితే ఇంటికొచ్చిన మగవాళ్ళకి ఇకనుంచీ బల్ల వెయ్యమంది. బల్ల కూడా ఆడదేనని పండితులుగారు మర్నాడు చెప్పారు. ఇంగ్లీషు మా హెడ్మాస్టరుగారు చెప్పేవారు. ఆ భాషలో కొన్ని అక్షరాలు రాయాలిట గానీ పలకకూడదుట. రాసేశాక పలక్కపోవడమేమిటని నాకు ఆ అక్షరాల మీద జాలి వేసేది. సోషలూ ఆయనదే. భూమధ్యరేఖ అని ఒకటుందని, అది గ్లోబు మీద కనిపిస్తుందని, నేల మీద మాత్రం కనిపించదని చెప్పారు. కనిపించని గీతని ఓడలవాళ్ళు దాటినట్టు ఎలా తెలుసుకుంటారని వెనక బల్లలో ఎవరో అడిగితే గంట కొట్టేశారు.

ఈ అయోమయంలో నాకు కాస్త ఊపిరాడే చోటు లెక్కలే. ఎవరు చెప్పినా మూడూ రెండూ అయిదే కదా. సరిగ్గా ఆ చోటే కూలిపోయింది. జూలై మధ్యలో మా లెక్కల మేష్టారిని రామచంద్రపురం వైపు బదిలీ చేశారు. లెక్కలూ సైన్సూ ఆయనవే. ఆయన బదులు ఇంకొకరు రాలేదు. వస్తారు వస్తారని రెండు వారాలు చూసి, హెడ్మాస్టరుగారు ఆరూ ఏడూ తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టి, లెక్కలూ సైన్సూ తెలుగు మేష్టారికి అప్పగించారు.

తెలుగు మేష్టారికి అప్పటికే యాభై దాటాయి. సన్నగా, పొడుగ్గా, తలపాగా చుట్టని మునసబులా ఉండేవారు. పద్యం ఎత్తుకున్నారంటే ఏటిగట్టు మీద వెళ్ళే బండివాళ్ళు కూడా ఎడ్లని ఆపేవారు. పిల్లల్ని కొట్టడం ఎరగరు. అలాంటి మనిషి మొదటిరోజు లెక్కల పుస్తకం పట్టుకుని లోపలికి వచ్చినప్పుడు, ఎవరిదో పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నారు. ఆ గంటంతా సున్నా గురించి చెప్పారు. శూన్యమంటే ఏమీ లేకపోవడం కాదని, అదే పూర్ణమని, అందులోంచే సమస్తమూ పుట్టిందని చెప్పారు. మాకు ఒళ్ళు జలదరించింది. అయితే సున్నాని నాలుగుతో గుణిస్తే ఎంతొస్తుందో మాత్రం తేలలేదు. సైన్సులో కిరణజన్య సంయోగక్రియ వచ్చింది. ఆయన బోర్డు మీద ఆ మాట రాసి, ముక్కలుగా విడదీసి, కిరణములచేత జన్యము, తృతీయా తత్పురుష సమాసము అన్నారు. అందరం రాసుకున్నాం. ఆకు ఎండలో ఏం చేస్తుందో మాకు తెలియలేదు గానీ, ఏ సమాసంలో చేస్తుందో తెలిసింది.

తర్వాత ఋణ సంఖ్యలు వచ్చాయి. ఋణాలు మూడు విధాలని ఆయన నోటి నుంచి అలవాటు కొద్దీ వచ్చేసింది. దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. వెంటనే నాలిక కరుచుకుని, ఇది వేరు, అది వేరు అన్నారు. మేం అప్పటికే రాసేసుకున్నాం. ఏడో తరగతివాళ్ళకి ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం ఎందుకవుతుందో చెప్పాల్సి వచ్చింది. ఒకే గది కాబట్టి మేమూ విన్నాం. దానికి ఆయనకి మంచి ఉపమానం దొరికింది. "'రాకపోడు' అంటే ఏమిటర్రా? వస్తాడనే కదా. కాదనేదాన్ని కాదంటే ఔననేకదా. ఇదీ అంతే" అన్నారు. ముఖం వెలిగిపోయింది. మాకూ వెలిగింది. ఆ వెలుగులో, మర్నాడు పరీక్ష పెడితే, ఋణం రెండుకీ ఋణం మూడుకీ కూడిక చెయ్యమన్న చోట కూడా తరగతి తరగతంతా ధనం అయిదు అని రాసింది. రెండు కాదులు కలిశాయి కదా మరి. మేష్టారు పుస్తకం వెనక జవాబులు చూశారు. అక్కడ ఋణం అయిదు ఉంది. ఆయన మా పలకల వంకా, పుస్తకం వంకా మార్చి మార్చి చూసి, ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నారు. అచ్చుతప్పు అయ్యుంటుందన్నారు.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. నాకంటే ఆరేళ్ళు పెద్దది. మూడు మైళ్ళు నడిచి హైస్కూలుకి వెళ్ళి, పదో తరగతి ఫస్టు క్లాసులో పాసై, ఏడాదిగా ఇంట్లో ఉంది. పై చదువంటే అమలాపురం వెళ్ళాలి. రోజూ బస్సులో ఆడపిల్ల ఒక్కతే ఎలా వెళ్తుందన్నది నాన్నగారి ప్రశ్న. వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు. ఎలా అని మాత్రమే అనేవారు. ఆ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి అక్క ఇంట్లో ఉండిపోయింది. పొద్దున్న పాలు కాచేది, మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరేది, సాయంత్రం నా పుస్తకాలు తిరగేసేది. ఏరుతున్న బియ్యాన్నే కుప్పలుగా పోసి నాకు కసాగు చెప్పిందొకసారి. ఆ లెక్క ఇప్పటికీ మర్చిపోలేదు.

ఋణం రెండు, ఋణం మూడు సంగతి దానికి చెప్పి, పుస్తకంలో అచ్చుతప్పు ఉందిట అన్నాను. అక్క నవ్వలేదు. నన్ను చెయ్యి పట్టుకుని గట్టెక్కించి రేవు దగ్గరికి తీసుకెళ్ళింది. గోదావరికి ఎర్రనీరు వచ్చిన రోజులు. రేవు మెట్లు చాలావరకూ మునిగి ఉన్నాయి. ఇవాళ నీళ్ళు తాకుతున్న మెట్టు సున్నా అనుకోమంది. పైవి ధనం, కిందవి ఋణం. ఏరు రెండు మెట్లు తీసి, అంటే తగ్గి, మళ్ళీ ఇంకో మూడు మెట్లు తీస్తే నీళ్ళు ఎక్కడుంటాయని అడిగింది. అయిదు మెట్లు కింద అన్నాను. పైకి రావు కదా అంది. రావన్నాను. తర్వాత ఏడో తరగతివాళ్ళ గుణకారం కూడా అక్కడే చెప్పింది. "ఏరు రోజుకి రెండు మెట్లు తీస్తోందనుకో. మూడు రోజుల కిందట నీళ్ళు ఎక్కడుండేవి?" ఆరు మెట్లు పైన అన్నాను. "అంతే మరి. తగ్గేదాన్ని వెనక్కి లెక్కేసుకుంటూ పోతే పెరుగుతుంది." నాకు అన్నీ ఒక్కసారిగా తేటపడిపోయాయి. నిలబడి నీళ్ళలోకి చూశాను. ఆ మూడు నెలల్లో నాకు గందరగోళం లేని క్షణం అదొక్కటే.

తెలిసినదాన్ని దాచుకోవాలని పదేళ్ళ పిల్లకి ఎవరు చెబుతారు? మర్నాడు క్లాసులో లేచి నిలబడి, అచ్చుతప్పు కాదండీ, ఋణం అయిదేనండీ అని రేవు మెట్ల లెక్కంతా చెప్పేశాను. వెనక బల్లల్లో కిసుక్కుమన్నారు.  మేష్టారు ఎవరు చెప్పేరని అడిగారు. మా అక్కండీ అన్నాను. కూర్చోమన్నారు. ఆ గంటలో ఇంకేం చెప్పలేదు. తప్పు చేశానో ఒప్పు చేశానో తెలియక సాయంత్రం దాకా ఆయన కంటపడకుండా తిరిగాను.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికి వచ్చారు. నాన్నగారు కొబ్బరి దింపు తీయిస్తూ తోటలో ఉన్నారు. మామ్మ అరుగు మీద ఈనెలు చీరుతూ చీపురు కడుతోంది. మేష్టారిని చూసి నేను గాదె చాటుకి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని, కాఫీ తాగి, మామ్మతో వానల గురించి మాట్లాడి, చివరికి గుమ్మం లోపల నిలబడ్డ అక్కకేసి తిరిగారు.

"అమ్మా, నువ్వు ఈ పిల్లకి చెప్పిన మెట్ల లెక్క నాకోసారి చెబుతావా? రేపు బళ్ళో మళ్ళీ చెప్పాలి. నాకది సరిగ్గా రాదు."

అక్క మామ్మ వంక చూసింది. మామ్మ చేతిలో ఈనె ఆపి, "అడిగింది మేష్టారుగారు కదే. చెప్పు" అంది.

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చారు. అక్క అరుగు గచ్చు మీద మెట్లు గీసింది. మొదట దాని గొంతు వినిపించనే లేదు. రెండో లెక్కకి కాస్త పెరిగింది. మూడో లెక్కకి, అలా కాదండీ, ఇటు చూడండి అంటోంది. నేను గాదె చాటు నుంచి చూస్తూ ఉండిపోయాను. నాకు పాఠం చెప్పే ఆయన మా అక్క ముందు పిల్లవాడిలా వంగి కూర్చుని, ఆయ్, ఆయ్ అంటూ తలూపుతున్నారు. ఎవరు ఎవరికి మేష్టారో నాకు తెలియలేదు. మర్నాడు ఆ మెట్లే బడి బోర్డు మీద కనిపించాయి, ఆ మాటలే ఆయన నోట వినిపించాయి. ఒకటి రెండు చోట్ల మధ్యలో సమాసాలు కలిశాయి, అంతే తేడా.

అప్పటినుంచి వారానికి నాలుగు రోజులు వచ్చేవారు. రెండోరోజో మూడోరోజో నాన్నగారు తోట నుంచి పెందరాళే వచ్చి, అరుగు మీద మేష్టారినీ, పక్కన పుస్తకం పట్టుకున్న నన్నూ చూసి ఏమిటని అడిగారు. మామ్మ తడుముకోకుండా, చంటిదానికి ప్రైవేటు చెబుతున్నారురా అంది. నాన్నగారు నొచ్చుకున్నంత పని చేశారు. అంతటి మేష్టారు మన గుమ్మంలోకి వచ్చి చెప్పడమా అని, మర్నాడే ఒక అరటి గెలా, పాతిక కొబ్బరికాయలూ పాలేరుచేత ఆయన ఇంటికి పంపించారు. మేష్టారు ఆ సాయంత్రం వచ్చి అరుగు అంచున ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్నారు. నిజం చెప్పేస్తానని మామ్మతో మెల్లిగా అన్నారు. మామ్మ వద్దంది. పెద్దపిల్ల మీకు పాఠం చెబుతోందంటే ఊరు మీకేసి ఒకలా, దానికేసి ఒకలా చూస్తుందని, ఇదే బాగుందని సర్దిచెప్పింది. నన్ను కూడా పిలిచి, ఇంట్లో సంగతి బళ్ళో చెప్పకు, బళ్ళో సంగతి ఇంట్లో చెప్పకు అంది. బడే ఇంటికొచ్చి కూర్చుంటే ఏది ఎక్కడి సంగతో నేనెలా తెలుసుకోవడం? దాంతో అసలు మాట్లాడటమే తగ్గించేశాను.

ఆగస్టులో వరద వచ్చింది. ఏటి నడుమ లంకల్లోని వాళ్ళు మేకలతో, కోళ్ళతో, దుప్పట్ల మూటలతో వచ్చి మా బళ్ళో దిగారు. ఏడో తరగతి గదిలో ఒకావిడ పొయ్యి పెట్టింది. పది రోజులు బడి లేదు. మేష్టారు మాత్రం వర్షంలో గొడుగేసుకుని, పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి మా ఇంటికి వస్తూనే ఉన్నారు. బడే లేనప్పుడు రేపటి పాఠం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ రోజుల్లో ఆయన వేరే పుస్తకాలు తెచ్చేవారు. లావుపాటివి, అట్టలు ఊడినవి, అమలాపురంలో ఎవరినో అడిగి పట్టుకొచ్చినవి. వాటిలో ఒక్క బొమ్మా లేదు. అక్షరాలూ అంకెలూ కలగలిసి ఉండేవి. ఇదెలాగమ్మా అని ఆయన అడిగేవారు. ఉండండి, చూస్తాను అని అక్క పుస్తకం తీసుకునేది. కొన్నిసార్లు మర్నాటికి గానీ చెప్పలేకపోయేది. అవన్నీ ఏడో తరగతి లెక్కలే కాబోలని, వచ్చే ఏడు నాకు ఇవి ఎలా వస్తాయిరా దేవుడా అని బెంగ పెట్టుకున్నాను.

సెప్టెంబరులో మూడు నెలల పరీక్షలు జరిగాయి. లెక్కల్లో నాకు యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. నా తర్వాత వచ్చినవాళ్ళకి ముప్ఫై ఒకటి. ప్రశ్నలు ఇచ్చిందీ, దిద్దిందీ తెలుగు మేష్టారే. ఆయన మా ఇంటికి రావడం ఊరంతా చూస్తూనే ఉంది, గెలా కొబ్బరికాయలూ వెళ్ళడమూ చూసింది. వారం తిరిగేసరికి విద్యాశాఖ ఆఫీసుకి ఆకాశరామన్న అర్జీ ఒకటి చేరింది. మేష్టారు డబ్బున్నవాళ్ళ ఇంట్లో ప్రైవేటు చెబుతూ, ప్రశ్నలు ముందే ఇచ్చేస్తున్నారని దాని సారాంశం. దసరా సెలవులకి ముందురోజు డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగారు విచారణకి వచ్చారు.

హెడ్మాస్టరుగారి గదిలోకి నన్ను పిలిచారు. ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో, పక్కన హెడ్మాస్టరుగారు, గోడవారగా మేష్టారు. నాన్నగారు కూడా ఉన్నారు. ఆయన్నీ రమ్మని కబురు పెట్టారు కాబోలు, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ముందు ఆయన్నే అడిగారు. మేష్టారికి మేలు చేస్తున్నాననుకుని నాన్నగారు చేతులు కట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పేశారు.

"ఆయ్, ప్రైవేటు చెప్పేరండి. రెండు నెలలు మా ఇంటికొచ్చి చెప్పేరు. పైసా పుచ్చుకోలేదండి. నేనే ఉండబట్టలేక ఓ గెలా, కాసిని కాయలూ పంపించేను."

ఇన్‌స్పెక్టరుగారు అది కాగితం మీద రాసుకున్నారు. హెడ్మాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. నాన్నగారి మాటలతో ఏదో కూలిపోయిందని నాకు తెలుస్తోంది గానీ ఏం కూలిందో తెలియడం లేదు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, మేష్టారు నీకు ప్రైవేటు చెప్పారా అని అడిగారు. చెప్పలేదండీ అన్నాను. నాన్నగారు నా వంక తెల్లబోయి చూశారు. చెప్పకపోతే ఎందుకు వచ్చేవారని ఇన్‌స్పెక్టరుగారు అడిగారు. ఇది ఇంటి సంగతా, బడి సంగతా? మామ్మ మాట గుర్తొచ్చి నోరు మెదపలేదు. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం జారిపోయాయి. నిజం చెబితే మామ్మకి కోపం, చెప్పకపోతే మేష్టారికి ఏదో అవుతుంది. ఏ పుస్తకం వెనకా దానికి జవాబు లేదు.

అప్పుడు గోడవార నుంచి మేష్టారు ఒక అడుగు ముందుకొచ్చారు.

"పిల్లని వదిలెయ్యండి. అది నిజమే చెప్పింది. నేను వెళ్ళింది చెప్పడానికి కాదండి, నేర్చుకోడానికి. నాకు లెక్కలు రావు. ఈ పిల్ల అక్క పదో తరగతి పాసయ్యింది. ఆ అమ్మాయి దగ్గర రోజూ నేర్చుకుని, మర్నాడు ఇక్కడ చెప్పేను."

 పక్క గదిలో చిన్నబడి పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. ముప్ఫై ఏళ్ళు ఆ ఊళ్ళో తలెత్తుకు తిరిగిన మనిషి, ఆ నాలుగు మాటలూ అన్నాక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడిపోయారు. ఇన్‌స్పెక్టరుగారు కలం మూత పెట్టారు. ఆయనకి ఏం తోచిందో ఏమో, నా చేతికి సుద్దముక్కిచ్చి ఒక గుణకారం చెయ్యమన్నారు. నేను మెట్లు గీసి చేశాను. కాసేపు ఆ మెట్లకేసి చూసి, నాన్నగారి వైపు తిరిగి, మీ పెద్దమ్మాయి ఇప్పుడు ఏం చేస్తోందండీ అని అడిగారు. నాన్నగారు గొంతు సవరించుకున్నారు. "ఇంట్లోనే ఉందండి" అన్నారు. ఎన్నోసార్లు ఎందరికో చెప్పిన మాటే అది. ఆ రోజు మాత్రం అది ఆయన నోట సరిగ్గా రాలేదు.

అర్జీ కొట్టేశారు. పిల్లల ఇళ్ళకి ఇక వెళ్ళొద్దని మాత్రం మేష్టారికి చెప్పారుట. నేనూ నాన్నగారూ గట్టు మీదుగా ఇంటికి నడిచి వచ్చాం.  ఆయనకి కోపం వచ్చిందో, సిగ్గేసిందో, సంతోషమో నాకు తెలియలేదు. ముఖంలోకి చూద్దామంటే ఆయన రెండడుగులు ముందు నడుస్తున్నారు. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని అక్కని పిలిచారు. మామ్మ చీపురు వదిలేసి లేచి నిలబడింది. అమ్మ వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"మేష్టారికి చెప్పిన ఆ లెక్కేదో నాకూ చెప్పమ్మా" అన్నారు నాన్నగారు.

అక్క గచ్చు మీద మెట్లు గీసింది.  చెప్పింది. ఆయన మధ్యలో ఒకసారి మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పింది. చాలాసేపు ఆలోచించి, తనకి సరిగ్గా ఎక్కలేదని ఒప్పుకున్నారు. మేష్టారికి ఎన్నాళ్ళు పట్టిందని అడిగారు. పది రోజులు నాన్నగారూ అంది అక్క. అయితే తనకింకా టైముందని లేచి, కండువా దులుపుకుని దొడ్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి నూతి దగ్గర చేద చప్పుడు వినిపించింది. ఆయన తోడుతూనే ఉన్నారు, గోలెం ఎప్పుడో నిండిపోయినా.

దసరా సెలవుల తర్వాత కొత్త లెక్కల మేష్టారు వచ్చారు. తెలుగు మేష్టారు మళ్ళీ పద్యాల్లోకి వెళ్ళిపోయారు, ఆయన గొంతు ఆయనకి తిరిగి వచ్చింది. మా ఇంటికి మాత్రం ఇక రాలేదు. దారిలో ఎదురైతే, అక్కయ్య బాగుందా అని అడిగేవారు. మాఘమాసంలో నాన్నగారే ఆయన దగ్గరికి వెళ్ళి, టీచరు ట్రైనింగు దరఖాస్తు పూర్తి చేయించుకొచ్చారు. రోజూ బస్సులో ఎలా అన్న ప్రశ్న మళ్ళీ రాలేదు, ట్రైనింగు స్కూలుకి హాస్టలు ఉంది. ఉందని అంతకుముందు ఏడాది ఎవరూ చెప్పలేదో, చెప్పినా ఆయన వినలేదో నాకు తెలియదు. అక్క రాజోలు వైపు, ఉప్పలగుప్తం వైపు బళ్ళలో ముప్ఫై రెండేళ్ళు లెక్కలు చెప్పింది. దానికి మొదటి ఉద్యోగం వచ్చేనాటికి మేష్టారు రిటైరై, కె.గంగవరం దగ్గర తన స్వగ్రామం వెళ్ళిపోయారు. అక్క ఉత్తరం రాస్తే కార్డు మీద ఒక పద్యం రాసి పంపించారు. అది తనకి సగమే అర్థమైందని అక్క అంటూ ఉండేది. ఆయన పోయిన సంగతి మాకు ఆరునెలల తర్వాత గానీ తెలియలేదు.

మొన్న అక్కకి ఫోను చేసి ఇదంతా చెప్పుకుని నవ్వుకున్నాం. పాపం, మేష్టారికి లెక్కలు రాకపోవడం నీ పాలిట అదృష్టమైంది అన్నాను.  అక్క మెల్లిగా అంది.

"పది రోజుల్లో ఆయనకి అన్నీ వచ్చేసేయే. ఆ తర్వాత కూడా అన్నాళ్ళు ఎందుకొచ్చేరో నేనెప్పుడూ అడగలేదు. ఆ లావు పుస్తకాల్లో లెక్కలు మీ బళ్ళోవి కావు. అవి నేను కాలేజీకి వెళ్ళుంటే చదవాల్సినవి."

 అయితే ఆ రోజు ఆ గదిలో, అందరి ముందూ, నాకు లెక్కలు రావు అన్నారే, అది అప్పటికి నిజం కాదన్నమాట. మరి ఎందుకన్నారు? మా నాన్నగారు అక్కడున్నారని అన్నారా? తప్పించుకోడానికి వేరే దారి లేక అన్నారా? లేక పది రోజుల్లో వచ్చింది రావడమే కాదని ఆయన నిజంగా అనుకున్నారా? నీకేమనిపిస్తుందని అక్కని అడిగాను. తనకీ తెలియదంది. నాన్నగారికి తెలుసేమో, ఆయన లేరు. మామ్మకి తప్పకుండా తెలిసే ఉంటుంది, ఆవిడా లేదు. చిన్నప్పుడు నేనేదైనా అర్థం కావడం లేదని ఏడిస్తే, పెద్దయ్యాక అన్నీ వాటంతటవే అర్థమవుతాయని అమ్మ నన్ను ఓదార్చేది. పెద్దవడమైతే అయ్యాను. ఇప్పుడు తెలుస్తున్నదల్లా ఒకటే. అర్థం కావడానికి కాలం కావాల్సినంత ఇస్తుంది గానీ, అడగడానికి మనుషుల్ని అంతకాలం ఉంచదు.